ఇరవై రెండు పాయింట్ నాలుగు

మా కాలేజీలో బీఎస్సీ ప్రాక్టికల్ పరీక్షకు ఒక ఆచారం ఉండేది. దాన్ని కాపీ అని ఎవరూ అనేవాళ్లు కాదు, అంటే కోపం వచ్చేది. 'నంబరు' అనేవాళ్లు. నంబరు అందిందంటే ఆ పిల్లవాడు గట్టెక్కినట్టే. ఆ నంబరును మూడేళ్లపాటు పిల్లలకు చేరవేసింది నేనే కాబట్టి దాని సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు లేరు.

ఇవ్వాళ డిగ్రీ చదివినవాడికి ఏం వచ్చిందో కొలవడానికి పట్టికలు, కమిటీలు, కోర్సుకిన్ని లక్ష్యాలు ఉన్నాయట. మంచిదే. నేను మాత్రం ఆ కొలత గురించి తెలుసుకున్నదంతా అరవైలలో, హన్మకొండలో, ఒక తెల్ల పింగాణీ పలక వల్ల తెలుసుకున్నాను.

అది చిన్న కాలేజీ. కొన్నేళ్లు నడిచి తర్వాత ఇంకొకదానిలో కలిసిపోయింది, ఇప్పుడు వెతికినా దొరకదు. దాని మొదటి బ్యాచ్‌లో చదివి, ఫస్టు క్లాసులో పాసై, ఆ కెమిస్ట్రీ ల్యాబులోనే డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. ఉద్యోగం ఏడాదికోసారి కొత్తగా ఇచ్చేవాళ్లు. జూన్‌లో కాగితం చేతికొచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. అయినా నాకు ఆ ల్యాబంటే ప్రాణం. తలుపు తెరవగానే స్పిరిటు దీపాల వాసన, దాన్ని మించి కుళ్లిన గుడ్ల వాసన. పొడుగాటి నల్లబల్లల మీద యాసిడ్ తిన్న మచ్చలు. నా చొక్కా చేతులకు ఎప్పుడూ చిన్న చిన్న చిల్లులుండేవి. వాటిని చూసి మా అమ్మ ఎలుకలున్న చోట పనిచేస్తున్నావా అని అడిగేది.

పరీక్షలో ముఖ్యమైన ప్రయోగం ఒకటే. ఒక ద్రావణంలో ఇనుము ఎంతుందో కనుక్కోవాలి. బ్యూరెట్ అనే పొడుగాటి గాజు గొట్టంలో ఊదారంగు పర్మాంగనేట్ పోసి, కింద ఫ్లాస్కులోకి చుక్క చుక్కగా వదలాలి. మొదట పడిన రంగు పడ్డట్టే మాయమైపోతుంది. ఒక చుక్క దగ్గర మాయం కావడం ఆగి, లేత గులాబీరంగు నిలబడిపోతుంది. ఆ రంగు బాగా కనపడటానికే ఫ్లాస్కు కింద తెల్ల పింగాణీ పలక పెట్టేది. అప్పుడు బ్యూరెట్ మీద ఎన్నో గీత దాకా దిగిందో చదవాలి. అదే నంబరు. అందరికీ ఒకే సీసాలోని ద్రావణం ఇచ్చేవాళ్లం కాబట్టి అందరికీ ఒకే నంబరు రావాలి.

మా ఆచారం ఏమిటంటే, పరీక్ష పొద్దున ఆ నంబరు ప్రతి పలక అడుగున పెన్సిలుతో రాసి ఉండేది. పిల్లవాడు పలకను కడిగినట్టు తిప్పి చూసుకునేవాడు. పరీక్షయ్యాక అటెండరు తడిగుడ్డతో తుడిచేసేవాడు. అతణ్ణి మేమంతా కాక అనేవాళ్లం. కాకకు చదువు రాదు గానీ అంకెలు మాత్రం అచ్చులా రాసేవాడు.

ఇందులో తప్పుందని నాకెప్పుడూ అనిపించలేదు, దయ ఉందనిపించేది. మా బ్యూరెట్లలో సగం కారేవి. పిల్లల్లో కొందరు ఉర్దూలో, కొందరు తెలుగులో చదివి వచ్చి ఇక్కడ ఇంగ్లీషులో పరీక్ష రాస్తున్నారు. హైదరాబాదు నుంచి ఎవరో ఎగ్జామినర్ వస్తాడు, మూడు గంటలు చూస్తాడు, మూడేళ్ల చదువును తేల్చేసి పోతాడు. ఆయన ముందు మన పిల్లలు పరువు పోగొట్టుకోవద్దు కదా. నేనూ ఆ పలక తిప్పి ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాణ్ణే.

నేను చేరిన ఏడాదే డిగ్రీ మొదలుపెట్టిన బ్యాచ్ ఒకటుంది. పద్దెనిమిది మంది. వాళ్లూ నేనూ కలిసి ఆ ల్యాబులో మూడేళ్లు పెరిగాం. ఆ ఆఖరి ఏడు మేడారం జాతర వచ్చింది. మాఘమాసంలో సగం క్లాసు బండ్లు కట్టుకుని అడవికి పోయింది. వారమని పోయినవాళ్లు పదిహేను రోజులకు ఎర్రటి దుమ్ముతో, బెల్లం ముక్కలతో తిరిగొచ్చారు. ఆ బెల్లం తింటూ, వాళ్లు చెయ్యని ప్రయోగాలకు రికార్డుల్లో సంతకాలు పెట్టాను. పరీక్షకు టైము లేదు, ఎట్లాగూ నంబరు ఉండనే ఉంది అనుకున్నాను.

ఆ పద్దెనిమిది మందిలో హసన్‌పర్తి నుంచి రోజూ సైకిలు మీద వచ్చే ఒకతను ఉండేవాడు. రైతు కొడుకు. ల్యాబులో అందరికంటే మెల్లగా చేసేవాడు. అందరూ చేతులు కడుక్కుని వెళ్లిపోయాక కూడా ఫ్లాస్కు తిప్పుతూ నిలబడేవాడు. ఇక చాలు పోవయ్యా అని నేనే విసుక్కునేవాణ్ణి. వాళ్ల ఊరి హైస్కూలు హెడ్మాస్టరు అతనికో మాటిచ్చాడు. సైన్సు చెప్పేవాళ్లు దొరక్క అల్లాడుతున్నాం, బీఎస్సీ పాసై వస్తే జూన్ నుంచే తీసుకుంటా అని. జూన్ దాటితే వేరేవాళ్లను చూసుకుంటారు. ప్రాక్టికల్‌లో విడిగా పాసు కావాలి, అందులో పోతే మిగతా మార్కులెన్ని ఉన్నా డిగ్రీ రాదు. ఈ సంగతులన్నీ అతను నాతో చాలాసార్లు చెప్పుకున్నాడు.

పరీక్షకు ముందురోజు పొద్దున ఇనుము ద్రావణం నేనే చేశాను. మూడుసార్లు పరీక్షించి చూస్తే ఇరవై రెండు పాయింట్ నాలుగు వచ్చింది. ఆ అంకెను కాగితం మీద రాసి మా డిపార్ట్‌మెంటు పెద్ద సారుకు ఇచ్చాను. ఆయన దాన్ని కవర్లో పెట్టి లక్క వేశారు. అదే అంకెను కాకకు కూడా చెప్పాను. లక్క వేసిన కవరు ఒకటీ, లక్క లేని నోరొకటీ.

మధ్యాహ్నం ద్రావణాన్ని పెద్ద సీసాలోకి మారుస్తుంటే కొంత ఒలికిపోయింది. పద్దెనిమిది మందికి చాలదేమోనని డిస్టిల్డ్ వాటర్ కలిపాను. కలిపితే పలచబడుతుందనీ, మళ్లీ పరీక్షించి నంబరు మార్చాలనీ నాకు తెలియక కాదు. మార్చేవాణ్ణే. సరిగ్గా అప్పుడు పెద్ద సారు పిలిచి, బండి టైమయింది, కాజీపేట పోయి ఎగ్జామినర్ గారిని తీసుకురా అన్నారు. ఎగ్జామినర్ రావడమంటే ఆ రోజుల్లో మగపెళ్లివారు దిగడమే. దండ కొనాలి, రిక్షా మాట్లాడాలి, బస చోట కొత్త దుప్పటి వేశారో లేదో చూడాలి. ఆ సందడిలో నీళ్ల సంగతి నా బుర్రలోంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

మర్నాడు పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. ఎగ్జామినర్ పెద్దాయన, బక్కపలచటి మనిషి, తక్కువ మాట్లాడేవారు. పక్కగదిలో కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నలడిగారు. మధ్యాహ్నం కవరు తెరిచి జవాబు కాగితాలు పక్కన పెట్టుకుని చూస్తే పదిహేడు మందికి ఇరవై రెండున్నర చుట్టుపక్కలే వచ్చింది. తెలివైనవాళ్లు ఇరవై రెండు పాయింట్ మూడు, ఇరవై రెండు పాయింట్ అయిదు అని అటూ ఇటూ జరిపి రాశారు. మీ పిల్లల చేతులు బాగున్నాయని ఆయన మెచ్చుకుంటే పెద్ద సారు మొహం వెలిగిపోయింది.

ఒక్క కాగితం మీద ఇరవై పాయింట్ ఒకటి ఉంది. అది హసన్‌పర్తి అతనిది. అంత తేడాకు మార్కులుండవు. మొత్తం మార్కులు కూడింది నేనే. పాసుకు నాలుగు మార్కులు తక్కువయ్యాయి.

నాకు కోపమొచ్చింది. పలక చేతికిచ్చినా రాసుకోలేనివాణ్ణి ఏమనాలి? వరండాలో సైకిలుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పలక తిప్పి చూడలేదా అని మెల్లగానే గదమాయించాను.

"చూసిన సార్," అన్నాడు. "ఇరవై రెండు పాయింట్ నాలుగని ఉండె. కానీ ఇరవై దాటంగనే రంగొచ్చి నిలబడ్డది. మూడుసార్లు చేసిన, మూడుసార్లు గంతే. వచ్చింది ఇడిసిపెట్టి రానిది ఎట్ల రాయాలె సార్?"

అప్పుడు గుర్తొచ్చాయి నీళ్లు. అతన్ని ఇంటికి పొమ్మని చెప్పి, ల్యాబులోకి పోయి తలుపు వేసుకుని, సీసా అడుగున మిగిలిన ద్రావణంతో నేనే చేశాను. ఇరవై పాయింట్ ఒకటి. ఇంకోసారి చేశాను, మళ్లీ అంతే. ఆ లేత గులాబీరంగు ఫ్లాస్కులో కదలకుండా నిలబడి ఉంది. పద్దెనిమిది మందిలో ప్రయోగం చేసినవాడు ఒక్కడే, ఫెయిలైనవాడూ ఒక్కడే. ఫెయిల్ చేసింది నేను.

పెద్ద సారుకు చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు, నాకు పాఠం చెప్పి, ఉద్యోగం ఇప్పించిన మనిషి. "సెప్టెంబర్ల రాసుకుంటడు తీ," అన్నారు. "ఒక్కనికోసం పదిహేడు మందిని ముంచుతవా? నువ్వు ఫికర్ చెయ్యకు, ఇంటికి పో." ఆ మాటలో ఎక్కడా కర్కశత్వం లేదు. అందుకే దాన్ని కాదని బయటపడటం నాకంత కష్టమైంది.

ఎగ్జామినర్ గారి బండి సాయంత్రం. మార్కుల కాగితాలు ఆయన తోలుసంచిలోనే ఉన్నాయి. నేను సైకిలెక్కి కాజీపేట దారి పట్టాను. దారిపొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయాను. నీళ్లు కలిపిన తప్పు నాదని చెప్తాను, హసన్‌పర్తి అతనిది సరైన జవాబని చెప్తాను, మిగతావాళ్ల ఊసెత్తను. ఆయన అడగకపోతే బాగుండునని సైకిలు తొక్కుతూ మొక్కుకున్నాను కూడా.

ఆయన ప్లాట్‌ఫారం మీద పరుపుచుట్ట మీద కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. బండి వస్తున్నట్టు గంట కొట్టారు. ఆయన లేవలేదు.

"మరి మిగతా పదిహేడు మందికి ఇరవై రెండున్నర ఎట్లా వచ్చింది?" అని అడిగారు.

పలక సంగతి చెప్పాను, కాకను తప్పించి అంతా నామీద వేసుకుని చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. బండి వచ్చి ఆగింది, జనం ఎక్కారు, దిగారు. ఆయన కదలకుండా కూర్చుని, అందరికీ అంత సరిగ్గా వచ్చినప్పుడే తాను అడగవలసిందనీ, అడిగితే బండి తప్పిపోతుందని ఊరుకున్నాననీ అన్నారు. తర్వాత కూలీని పిలిచి పరుపుచుట్ట ఎత్తమన్నారు. బండి ఆయన లేకుండానే పోయింది.

మర్నాడు పొద్దున పద్దెనిమిది మందినీ మళ్లీ పిలిపించారు. కాజీపేట రైల్వే క్వార్టర్ల వాళ్లు, మార్కెట్టు వాళ్లు, పల్లెలవాళ్లు, అందరికీ కాకే సైకిలు మీద పోయి కబురు చెప్పి వచ్చాడు. ఎగ్జామినర్ గారు పద్దెనిమిది సీసాలు వరసగా పెట్టించి, కొలవకుండా, చేతికొచ్చినట్టు ఒక్కోదానిలో ఒక్కోలా కొత్త ద్రావణమూ నీళ్లూ పోశారు. ఏ సీసా నంబరెంతో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. పిల్లలు చేసిన తర్వాత ప్రతి సీసానూ ఆయన ఒక బ్యూరెట్‌తో, నేనొక బ్యూరెట్‌తో చేసి చూడాలి.

ఆ మూడు గంటలు నేను మరిచిపోలేను. ల్యాబులో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎప్పుడూ లేదు. చుక్క పడే చప్పుడు వినపడేది. పిల్లలు పలకలు తిప్పి చూసి, ఖాళీగా ఉంటే మళ్లీ తిప్పి చూశారు. తర్వాత నా వంతు వచ్చింది. బీఎస్సీ ఫస్టు క్లాసు వాణ్ణి, మూడేళ్లు ఇదే నేర్పినవాణ్ణి. మొదటి సీసాకు రంగు దాటిపోయింది, ఫ్లాస్కు మొత్తం ముదురు గులాబీ అయిపోయింది. ఎగ్జామినర్ గారు చూసీ చూడనట్టు, ఇంకొకటి చెయ్యండి అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పన్నెండు మంది పాసయ్యారు. హసన్‌పర్తి అతను ఒక గీత కూడా తేడా లేకుండా చేశాడు. జూన్‌లో వాళ్ల ఊరి బడిలో చేరాడు కూడా. ఆరుగురు పోయారు. ముందురోజు వాళ్లంతా పాసైనవాళ్లే.

ఆ ఆరుగురిలో వరంగల్ చౌరస్తా బట్టల దుకాణం వాళ్లమ్మాయి ఒకర్తె. మాటకారి. క్లాసులో నన్ను కూడా ఆటపట్టించేది. ఆ మధ్యాహ్నం నేను సీసాలు కడుగుతుంటే వచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మూడేండ్లు పలక మీరే ఇచ్చిండ్రు," అంది. "ఇయ్యాల మీరే గుంజుకున్నరు. మరి నడుమల నేర్పింది ఎప్పుడు సార్?"

కాజీపేట దారిలో నేనేదో పెద్ద ధర్మం చేస్తున్నానని లోలోపల పొంగిపోయిన మాట నిజం. ఆ పొంగంతా ఆ ఒక్క ప్రశ్నతో దిగిపోయింది. ఆ పిల్లకు రానిదేమిటో ఒక్క పూటలో కొలిచి ఇంత తక్కువని రాసేశాం. ఎవరివల్ల రాలేదో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

జూన్‌లో నాకు ఉద్యోగం కాగితం రాలేదు. పెద్ద సారు నాతో మాట్లాడటం మానేశారు. అయినా మధ్యాహ్నాలు ల్యాబు తాళం ఇమ్మని అడిగితే మారుమాట లేకుండా కాక చేతికిచ్చి పంపించారు. ఆ ఆరుగురికీ కబురు పెట్టాను. మొదటిరోజు ఇద్దరే వచ్చారు. వారం తిరిగేసరికి ఆరుగురూ వచ్చారు, బట్టల దుకాణం అమ్మాయి అందరికంటే ఆఖరున, మొహం ముడుచుకుని.

ఆ మూడు నెలలూ నా బతుకులో మంచి రోజులని ఇప్పటికీ అనిపిస్తుంది. జీతం లేదు, పేరు లేదు, బయట వాన. సీసాలు కాక నింపేవాడు, ఎంత పోస్తున్నాడో నన్ను కూడా చూడనిచ్చేవాడు కాదు. ఏడుగురం ఏడు బ్యూరెట్ల ముందు నిలబడేవాళ్లం. కారే బ్యూరెట్‌కు వేజలీను ఎలా రాయాలో, ఆఖరి చుక్కను సగం చుక్కగా ఎలా దించాలో వాళ్లతోపాటు నేనూ కొత్తగా నేర్చుకున్నాను. తప్పు చేస్తే ఒకరినొకరు ఎక్కిరించుకునేవాళ్లు, నన్నూ వదిలేవాళ్లు కాదు. సాయంత్రానికి అందరి వేళ్లూ గోధుమరంగుకు తిరిగేవి. ఆ వేళ్లు చూసి వాళ్లమ్మ, ఈ చేతులతో బట్టలు ముట్టుకోకు అని దుకాణంలోకి రానివ్వడం లేదని ఆ అమ్మాయి చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కాస్త ప్రాణం కుదుటపడింది.

సెప్టెంబరు పరీక్షకు వేరే ఎగ్జామినర్ వచ్చాడు. నేను కాలేజీ మనిషిని కాను కనుక లోపలికి రాకూడదు. సైకిలు స్టాండు దగ్గర నిలబడ్డాను. మూడు గంటలు మూడేళ్లలా గడిచాయి. కిటికీ అద్దాల్లోంచి తలలు తప్ప చేతులు కనపడటం లేదు. ఎన్నిసార్లు కిటికీ దగ్గరికి నడిచి ఎన్నిసార్లు వెనక్కి వచ్చానో లెక్కలేదు.

అందరికంటే ముందు ఆ అమ్మాయే బయటికి వచ్చింది. నా దగ్గరికి వచ్చి, ఓణీ అంచుతో వేళ్లు తుడుచుకుంటూ నిలబడింది. ఎట్లా చేశావని అడిగే ధైర్యం నాకు రాలేదు.

"బానే అయింది సార్," అంది తనే. "మీరు బయటనే ఉన్నరని సంబురమైంది. లోపటుంటే నా మొకం జూసి జాలిపడి మళ్ల నంబరు చెప్తురేమో."

నవ్వాను. లోపలుంటే చెప్పేవాణ్ణే.